అవ్వ మందుల కవరు మొత్తం ఎవరు చూశారు?

డెబ్బై దాటిన మనిషి ఉన్న ఇంట్లో ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో బీపీ మాత్రలు కందుకూరు డాక్టరు రాసినవి. మోకాళ్ళ నొప్పులవి ఒంగోల్లో రాసినవి. గుండె దడగా ఉందంటే నెల్లూరు తీసుకెళ్ళినప్పుడు ఇచ్చినవి మరికొన్ని. కొడుకు పట్టుబట్టి పినాకిని రైలు ఎక్కించి చెన్నైలో చూపిస్తే అక్కడివాళ్ళు రాసిన పొడుగాటి చీటీ ఒకటి. వీటికి తోడు ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన గ్యాస్ బిళ్ళలు, హైదరాబాద్ నుంచి కూతురు కొరియర్ చేసిన బలం మాత్రలు.

ఆ కవరు ఒకసారి మంచం మీద కుమ్మరించి చూడండి. సగం స్ట్రిప్పులు కత్తెరతో కోసినవే. మందు పేరున్న భాగం మెడికల్ షాపులోనే ఉండిపోయి, మన చేతికి గడువు తేదీ ముక్కో, ధర ముక్కో మాత్రమే వచ్చి ఉంటుంది. అవ్వ వాటిని రంగుని బట్టి, సైజుని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఎర్ర బిళ్ళ పొద్దున, చిన్న తెల్ల బిళ్ళ రాత్రి. షాపులో ఆ కంపెనీది లేదని వేరే కంపెనీది ఇస్తే రంగు మారిపోతుంది. అప్పుడు పాతదీ కొత్తదీ రెండూ వేసుకునేవాళ్ళున్నారు. రెండూ ఒకటే మందని వాళ్ళకెవరూ చెప్పరు.

రాసిన ప్రతి డాక్టరూ తన ముందున్న జబ్బుకి సరైన మందే రాసి ఉండొచ్చు. ఈ మనిషికి, ఈ వయసులో, ఇవన్నీ కలిపి పడతాయా అని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు. పెద్దవాళ్ళ వైద్యం మీద గత ముప్ఫై నలభై ఏళ్ళలో జరిగిన పరిశోధన చాలావరకు తిరిగి తిరిగి ఈ విషయం దగ్గరికే వచ్చింది. రోజూ అయిదు, అంతకంటే ఎక్కువ రకాల మందులు వాడుతుంటే దాన్ని విడిగా ఒక సమస్యగానే లెక్కేయాలని పరిశోధకులు అంటున్నారు. మన ఇళ్ళల్లో అయిదుకి తగ్గిన కవర్లు తక్కువే.

ట్రయల్స్‌లో మన పెద్దవాళ్ళు ఎందుకు కనపడరు

ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే కొన్ని వేలమందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి కొన్నేళ్ళు గమనిస్తారు. దీన్నే ట్రయల్ అంటారు. లెక్క స్పష్టంగా తేలాలి కాబట్టి నాలుగైదు జబ్బులున్నవాళ్ళని, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళని, మతిమరుపు ఉన్నవాళ్ళని, ఆసుపత్రికి పదేపదే రాలేనివాళ్ళని మొదట్లోనే పక్కనపెడతారు. పరిశోధన కోణంలో అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మందు మార్కెట్లోకి వచ్చాక ఎక్కువగా మింగేది అలా పక్కనపెట్టిన మనుషులే.

బీపీ సంగతే చూద్దాం. 2015లో అమెరికాలో వెలువడిన స్ప్రింట్ ట్రయల్‌లో 9,361 మంది పాల్గొన్నారు. పై బీపీని 140 లోపు ఉంచడం కంటే 120 లోపుకి దించితే గుండె జబ్బులు, మరణాలు తగ్గుతాయని అది తేల్చింది. 75 ఏళ్ళు దాటిన 2,636 మందిలోనూ ఆ లాభం కనిపించింది. ఇది గట్టి ఫలితమే, కాదనడానికి లేదు. అయితే షుగరు ఉన్నవాళ్ళని, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళని ఆ ట్రయల్‌లోకి తీసుకోలేదు. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఉండేవాళ్ళనీ తీసుకోలేదు. షుగరుండి, ఒకసారి మూతి వంకర పోయి, గోడ పట్టుకుని నడిచే కనిగిరి అవ్వకి ఆ 120 లెక్క వర్తిస్తుందని ఆ ట్రయల్ ఎక్కడా చెప్పలేదు.

అలాగని "ఈ వయసులో ఇంకా బీపీ మాత్రలెందుకు" అనడం కూడా సరికాదు. ఎనభై దాటినవాళ్ళకి బీపీ తగ్గిస్తే మేలో కీడో ఒకప్పుడు డాక్టర్లకే తెలిసేది కాదు. ఆ సందేహం తీర్చడానికే 80 ఏళ్ళు దాటిన 3,845 మందితో హైవెట్ అనే ట్రయల్ జరిగింది. 2008లో ఫలితాలొచ్చాయి. మందు తీసుకున్నవాళ్ళలో మరణాలు 21 శాతం తగ్గాయి. లాభం అంత స్పష్టంగా కనపడడంతో ట్రయల్‌ని ముందే ఆపేశారు. వాళ్ళు పెట్టుకున్న గురి 150 బై 80. వయసు మీద పడిందన్న ఒక్క కారణంతో బీపీ మాత్ర మానిపించే ఇళ్ళలో ఈ ఫలితం గురించి గట్టిగా చెప్పాలి.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నిలిచేది ఆస్ప్రిన్ కథ. గుండెకి మంచిదని, రక్తం పలచన అవుతుందని, ఏ గుండె జబ్బూ లేని పెద్దవాళ్ళు కూడా చిన్న ఆస్ప్రిన్ బిళ్ళ రోజూ వేసుకోవడం మామూలైపోయింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవాళ్ళ మీద, ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్ళ మీద, జరిగిన ఆస్ప్రీ ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. అంతకుముందు గుండెపోటు గానీ పక్షవాతం గానీ రానివాళ్ళకి దాదాపు అయిదేళ్ళు రోజూ ఆస్ప్రిన్ ఇచ్చినా ఆరోగ్యంగా బతికే కాలం పెరగలేదు. ప్రమాదకరమైన రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. గుండెపోటు వచ్చినవాళ్ళకి, స్టెంట్ వేయించుకున్నవాళ్ళకి ఈ ఫలితం వర్తించదు. వాళ్ళకి ఆస్ప్రిన్ కావాలి, సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఒకే బిళ్ళ ఒక పెద్దాయనకి రక్షణ, పక్కింటి పెద్దాయనకి కీడు. అందుకే "మా ఆయన కూడా అదే వాడతాడు, నువ్వూ వేసుకో" అని అరుగు మీద ఇచ్చుకునే సలహాలంటే నాకు భయం.

ఒళ్ళు మారింది, మోతాదు మారలేదు

వయసు పెరిగేకొద్దీ ఒంట్లో కండ తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది, నీటి పాలు తగ్గుతుంది. కొవ్వులో కరిగే డయజెపాం లాంటి నిద్రమాత్రలు ముసలి ఒంట్లో రోజుల తరబడి నిలవ ఉంటాయి. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు మర్నాడు మధ్యాహ్నం దాకా వదలదు. మెదడు కూడా మందుకి ముందుకంటే ఎక్కువ లొంగుతుంది. పడుకున్న మనిషి లేచి నిలబడగానే బీపీ పడిపోకుండా సర్దే ఏర్పాటు మందగిస్తుంది.

కిడ్నీల సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఎందుకంటే మోసపోయేది ఎక్కువ అక్కడే. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే 1.0 వచ్చిందనుకోండి. రిపోర్టులో నార్మల్ అని ఉంటుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. క్రియాటినిన్ తయారయ్యేది కండలో. కండ కరిగిపోయిన బక్కపలచటి అవ్వ ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ. కిడ్నీ సగానికి సగం పనిచేయకపోయినా అంకె పెరగదు.

దీన్ని అంచనా వేయడానికి కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఒక లెక్క ఇచ్చారు. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి. నలభై ఏళ్ళు, డెబ్బై కిలోలు ఉన్న మగమనిషికి క్రియాటినిన్ 1.0 ఉంటే కిడ్నీ నిమిషానికి సుమారు 97 మిల్లీలీటర్లు శుభ్రం చేస్తోందని లెక్క. డెబ్బై ఎనిమిదేళ్ళు, నలభై కిలోలు ఉన్న అవ్వకి అదే 1.0 ఉంటే 29 వస్తుంది. కొన్ని మందుల మోతాదు బాగా తగ్గించాల్సిన, కొన్నింటిని అసలు దగ్గరికి రానీయకూడని అంకె అది. ఇద్దరి రిపోర్టులూ ఒకటే, ఇద్దరికీ రాసే మోతాదూ చాలాసార్లు ఒకటే. (ఆ లెక్కకి ఆధారం 249 మంది మగవాళ్ళ కొలతలు. ఆడవాళ్ళ 0.85 అందులో అంచనాగా చేర్చింది. పరిశోధనలో ఆడవాళ్ళకి దక్కిన చోటు ఎంతో దీన్ని బట్టే తెలుస్తుంది.) ఈమధ్య చాలా ల్యాబులు ఈజీఎఫ్ఆర్ అని ఇంకో లెక్కతో అంకె వేస్తున్నాయి. రిపోర్టులో అది ఉంటే క్రియాటినిన్ కంటే ముందు దాన్నే చూడండి. లేకపోతే అవ్వ బరువెంతో డాక్టరుకి చెప్పండి. పెద్దవాళ్ళని తూకం వేయించడం మన ఇళ్ళల్లో ఎవరికీ గుర్తుకు రాదు.

ఒక మాత్ర ఇంకో మాత్రని పిలుస్తుంది

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. వైద్య పరిశోధనలో దీనికి ఒక పేరే ఉంది, తెలుగులో మందుల గొలుసు అనుకోవచ్చు. పౌలా రోషన్, జెర్రీ గర్విట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 1990ల్లో దీన్ని విడమరిచి రాశారు. ఒక మందు వల్ల వచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని, దానికి ఇంకో మందు రాయడం, ఆ రెండోదానితో మరో ఇబ్బంది మొదలవడం.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా కనపడే గొలుసు బీపీ మాత్ర దగ్గర మొదలవుతుంది. ఆమ్లోడిపిన్ మంచి మందు, చవకైన మందు. కానీ కొంతమందికి, ముఖ్యంగా పది మిల్లీగ్రాముల మోతాదులో, చీలమండల దగ్గర వాపు వస్తుంది. సాయంత్రానికి చెప్పులు పట్టవు. "కాళ్ళకి నీరు దిగింది" అని వెళితే నీరు పోయే మాత్ర రాస్తారు. నిజానికి ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. సన్నటి రక్తనాళాలు వెడల్పై, వాటిలోంచి ద్రవం పక్కకి ఊరడం వల్ల వచ్చింది. నీరు పోయే మాత్రతో అది పెద్దగా తగ్గదు. కానీ ఆ మాత్ర తన పని తాను చేస్తుంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి. ఒంట్లో ఉప్పు, పొటాషియం తగ్గి నీరసం. నీరసానికి సెలైన్ బాటిల్. పెరట్లో ఉన్న బాత్రూమ్‌కి చీకట్లో నడుస్తూ, కళ్ళు బైర్లు కమ్మి, గడప దగ్గర పడితే తుంటి ఎముక. అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ ఆమ్లోడిపిన్ గుర్తుకు రాదు. కెనడాలోని ఒంటారియోలో పెద్దవాళ్ళ మందుల రికార్డులు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రకం బీపీ మాత్ర కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి, వేరే రకం బీపీ మాత్రలు వాడేవాళ్ళకంటే నీరు పోయే మాత్ర ఎక్కువగా రాశారని తేలింది. మోతాదు తగ్గించినా, మందు మార్చినా ఆ వాపు చాలామందికి తగ్గిపోతుంది.

కాళ్ళ వాపుకి గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు కూడా కారణం కావచ్చు కాబట్టి డాక్టరు చూడాల్సిందే. అయితే వాపు మొదలవడానికి ముందు ఏ మాత్ర కొత్తగా వచ్చిందో, ఏది పెరిగిందో చెప్పగలిగితే సగం పని అక్కడే అవుతుంది.

ఇంకో గొలుసు వాంతుల మందుతో మొదలవుతుంది. మెటోక్లోప్రమైడ్ వాడిన పెద్దవాళ్ళకి, వాడనివాళ్ళకంటే మూడు రెట్లు ఎక్కువగా పార్కిన్సన్ జబ్బు మందు మొదలుపెట్టారని 1995లో అమెరికాలో ఒక అధ్యయనం చూపింది. చేతులు వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం, ఇవన్నీ ఆ వాంతుల మందు తెచ్చినవే కావచ్చు. మన దగ్గర తల తిరుగుడుకి నెలల తరబడి మింగే సిన్నరిజిన్ కూడా పెద్దవాళ్ళలో ఇదే పని చేయగలదు. తల తిరిగినప్పుడు నాలుగు రోజులకి రాసిన బిళ్ళ, ఆపమని ఎవరూ చెప్పలేదని ఏడాదిగా నడుస్తున్న ఇళ్ళున్నాయి. జలుబు చేస్తే షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. ప్రోస్టేట్ వాచిన పెద్దాయనకి దాంతో మూత్రం బిగుసుకుపోవచ్చు, అవ్వకి మలబద్ధకం, తికమక రావచ్చు. రాత్రికి రాత్రి "మా నాయన ఏదేదో మాట్లాడుతున్నాడు" అని ఫోన్లు వచ్చినప్పుడు, గాలి సోకిందనో ముసలితనమనో సరిపెట్టుకునే ముందు, ఈ వారంలో కొత్తగా ఏం వేశారో వెతకాలి.

కనిగిరి నీళ్ళు, నొప్పుల సూది, రోహిణి కార్తె

మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతానికి వైద్య పరిశోధన చరిత్రలో ఒక చోటుంది. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల మనిషి ఎముకలు, పళ్ళు ఎలా పాడవుతాయో మన దేశంలో మొదట వివరించింది ఇక్కడి మనుషుల్ని చూసే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ మీద చేసిన పరిశోధన ప్రచురించారు. ఆనాడు పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు అటు వెళ్ళాయి.

ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళున్నవాళ్ళు ఆ బావుల నీళ్ళు, ఆ బోర్ల నీళ్ళు తాగి పెరిగిన తరం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. దానికి మించి ఏళ్ళ తరబడి తాగితే ఎముక దట్టంగా కనపడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది. కీళ్ళూ, ఎముకల్ని పట్టి ఉంచే స్నాయువులూ గట్టిపడి, నడుము వంగదు, మెడ తిరగదు. పక్కకి చూడాలంటే మనిషి మనిషే తిరగాలి. ఆ నొప్పి మామూలు అరుగుదల నొప్పి కాదు, పోయే నొప్పీ కాదు. ముప్ఫై ఏళ్ళు నొప్పుల మాత్ర మీద బతికినవాళ్ళని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పొలం పనికి పోవాలంటే ఆ మాత్ర పడాల్సిందే.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల మందులు పెద్దవాళ్ళలో మూడు చోట్ల దెబ్బకొడతాయి. కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. ఒంట్లో ఉప్పు నిలిచి బీపీ పెరుగుతుంది. 1994లో న్యూజెర్సీలో 65 ఏళ్ళు దాటినవాళ్ళ రికార్డులు చూస్తే, నొప్పుల మందులు వాడుతున్నవాళ్ళకి బీపీ మందు కొత్తగా మొదలుపెట్టే అవకాశం స్పష్టంగా ఎక్కువ. అంటే మన అవ్వకి బీపీ మాత్ర రెండు నుంచి మూడుకి పెరగడానికి కారణం మోకాలి నొప్పి బిళ్ళే కావచ్చు. సూది రూపంలో వేసినా కడుపుకీ కిడ్నీకీ జరిగేది అదే. "సూదైతే కడుపుకి ఏం కాదు" అనేది వట్టి నమ్మకం.

ఇక్కడ మన ఎండాకాలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు, నీరు పోయే మాత్ర, నొప్పుల మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి ఉన్నపళంగా దెబ్బ తగలవచ్చని వైద్యులకి బాగా తెలుసు. విడివిడిగా చూస్తే మొదటి రెండూ అవసరమైన మందులే. కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని నొప్పుల మందు బిగిస్తుంది. బయటికి పోయే దారిని ఆ బీపీ మందు వదులు చేస్తుంది. నీరు పోయే మాత్ర ఒంట్లో ద్రవాన్నే తగ్గిస్తుంది. లోపల వడకట్టే ఒత్తిడి మిగలదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి చెమట పోయి, దాహం తెలియని వయసులో నీళ్ళు సరిగా తాగక, దానికి తోడు రెండు రోజులు విరేచనాలైతే ఆ కిడ్నీ తట్టుకోలేదు. వయసు పెరిగేకొద్దీ దాహం తగ్గుతుందన్నది పరిశోధనల్లో రుజువైన సంగతి. ఒళ్ళు ఎండిపోతున్నా నోరు అడగదు. అలాంటి రోజుల్లో నీరు పోయే మాత్ర, పైన చెప్పిన ఆ బీపీ మందులు రెండు మూడు రోజులు ఆపాలా అని డాక్టరుని ఫోన్లో అయినా అడగాలి. నొప్పుల మాత్ర అయితే ఆ రోజుల్లో ముట్టుకోకపోవడమే మంచిది. మామూలు రోజుల్లో కూడా మోకాళ్ళకి పైపూత జెల్, సరైన మోతాదులో పారాసెటమాల్, తొడ కండరాలకి వ్యాయామం, వీటితో మొదలుపెట్టడం మేలు. పైపూతలో రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ.

షుగరు తగ్గించడంలో తొందర

అంకె తగ్గితే మంచిదే కదా అన్న ఆలోచనని షుగరు విషయంలో గట్టిగా దెబ్బతీసింది 2008లో వచ్చిన అకార్డ్ ట్రయల్. 10,251 మందిలో ఒక గుంపుకి మూడు నెలల షుగరు సగటుని (రిపోర్టులో హెచ్‌బీఏ1సీ అని ఉంటుంది) 6 శాతం లోపుకి దించాలని ప్రయత్నించారు. ఆ గుంపులోనే మరణాలు ఎక్కువయ్యాయి. కట్టుదిట్టమైన ఆ చికిత్సని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి పెద్దవాళ్ళకి గురి సడలించాలన్న అభిప్రాయం బలపడింది. ఒంట్లో ఓపిక ఉండి, వేరే పెద్ద జబ్బుల్లేని పెద్దాయనకి 7, 7.5 దగ్గర. నాలుగైదు జబ్బులుండి, పనులకి ఇంకొకరి మీద ఆధారపడే అవ్వకి 8 దాకా ఉన్నా ఫరవాలేదు.

ముసలివాళ్ళకి షుగరు పడిపోతే చెమటలు, దడ పట్టకపోవచ్చు. మాట తడబడడం, పిలిస్తే పలక్కపోవడం, తూలి పడడం, ఇలా కనపడుతుంది. పక్షవాతం అనుకుని అంబులెన్స్ ఎక్కిస్తారు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళలు తిన్నా తినకపోయినా షుగరుని దించుతూనే ఉంటాయి. కార్తీక సోమవారాల్లో పొద్దంతా ఉపవాసం ఉండి, పొద్దున బిళ్ళ మాత్రం మానకుండా వేసుకునే అవ్వలు మన ఊళ్ళల్లో ఎంతోమంది. దేవుడి మీద భక్తినీ, డాక్టరు మాట మీద గౌరవాన్నీ రెండూ నిలబెట్టుకుందామనే వాళ్ళ ప్రయత్నం. ఉపవాసం మానమని పోట్లాడే బదులు, ఆ మాసం రాకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ రోజు ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో, ఏది మానాలో రాయించుకోవడం మంచిది. గ్లిబెన్‌క్లమైడ్ అయితే పెద్దవాళ్ళకి వద్దని నిపుణుల జాబితాల్లోనే ఉంది.

ఆ జాబితాల సంగతి కూడా చెప్పాలి. మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టరు 1991లో పెద్దవాళ్ళకి సాధ్యమైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి తయారుచేయించాడు. దాన్ని ఇప్పటికీ కొన్నేళ్ళకోసారి సవరిస్తున్నారు, 2023లో కూడా సవరించారు. ఐర్లాండ్‌లో 2008లో ఇంకో పద్ధతి వచ్చింది. ఆపాల్సినవేవో చెప్పడంతో సరిపెట్టకుండా, రాయాల్సి ఉండీ రాయకుండా వదిలేసినవేవో కూడా అది చెబుతుంది. నాకు ఈ రెండోది ఎక్కువ నచ్చుతుంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన అవ్వకి పదకొండు మాత్రలిచ్చి, ఎముకలు గుల్లబారకుండా ఇవ్వాల్సిన మందు మాత్రం మర్చిపోవడం మామూలే.

ఒక్కరు కూర్చుని చూస్తే ఏమవుతుంది

మందుల సంఖ్య తగ్గిస్తే అద్భుతాలు జరుగుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. యూరప్‌లోని నాలుగు దేశాల్లో డెబ్బై దాటిన రెండువేల మందితో జరిగిన ఓపెరామ్ ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. డాక్టరు, ఫార్మసిస్టు కలిసి కూర్చుని మందులన్నీ పరిశీలించారు. అనవసరమైనవి తగ్గాయి, మందులు తగ్గించినందువల్ల హాని జరగలేదు. కానీ మందుల కారణంగా ఆసుపత్రిలో చేరడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఒక్కసారి చూసి వదిలేస్తే చాలదని, తర్వాత కూడా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని నేను దాన్ని అర్థం చేసుకున్నాను. ఎవరో ఒకరంటే మన ఇళ్ళల్లో ఎవరు?

పెద్దవాళ్ళ వైద్యం ఒక ప్రత్యేక విభాగంగా మన దేశంలో మొదలైంది ఇక్కడికి దగ్గర్లోనే. 1978లో మద్రాసు మెడికల్ కాలేజీలో, డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చేతుల మీదుగా. 2010లో కేంద్ర ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్యానికి ఒక జాతీయ కార్యక్రమం ప్రకటించింది. జిల్లా ఆసుపత్రిలో పెద్దవాళ్ళకి ప్రత్యేక ఓపీ, పది పడకల వార్డు ఉండాలని అందులో రాసుకున్నారు. ఇన్నేళ్ళయినా పెద్దవాళ్ళ డాక్టరు అనే మనిషి ఒకరుంటారని మన ఊళ్ళల్లో చాలామందికి తెలియదు. అందుకని ఉన్న డాక్టర్లలో ఒకర్ని పట్టుకోవాలి. దగ్గర్లో ఉండి, మాట వినే ఒక జనరల్ ఫిజీషియన్ చాలు. ఏడాదికి రెండుసార్లయినా కవరు మొత్తం ఆయన బల్ల మీద పెట్టాలి. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలు, ఆయుర్వేదం పొడులు, పిల్లలు పంపిన విటమిన్లు, అన్నీ. సిగ్గుపడి దాచిందే ఒక్కోసారి అసలు కారణమవుతుంది. స్ట్రిప్పు కోసేటప్పుడు పేరున్న వైపు మనకివ్వమని షాపులో అడగాలి. ఒక్కో మాత్ర గురించి అడగాల్సింది ఇంతే: ఇది దేనికి, ఎప్పటిదాకా, మానేస్తే ఏమవుతుంది. బీపీని పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడమనండి. పై అంకె ఇరవై, అంతకుమించి పడిపోతుంటే మందుల గురించి మళ్ళీ ఆలోచించాలి.

పిల్లలు దూరాన ఉన్న ఇళ్ళల్లో రోజూ ఫోన్లో అడిగే మాట "అమ్మా, మాత్రలేసుకున్నావా". ఆవిడ ఊఁ అంటుంది. వీడియో కాల్‌లో ఒక్కో స్ట్రిప్పు కెమెరాకి చూపించమని, పేర్లు ఒక కాగితం మీద రాసుకోవడానికి అరగంట పడుతుంది. ఆ కాగితం ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంటే, అర్ధరాత్రి ఏ ఆసుపత్రిలో చేర్చినా అక్కడి డాక్టరుకి అంతకంటే పనికొచ్చేది ఇంకోటి ఉండదు.

మాత్ర తీసేసిన చోట పెట్టదగినవి కొన్ని ఉన్నాయి. వ్యాయామంతో పెద్దవాళ్ళు పడిపోవడం 23 శాతం తగ్గుతుందని, వందకి పైగా ట్రయల్స్‌ని కలిపి చూసి 2019లో లెక్కతేల్చారు. నిలకడ కోసం, కాళ్ళ బలం కోసం చేసేవి ఇందులో ముఖ్యం. అమెరికాలో 1990లో సగటున 90 ఏళ్ళున్న పది మందితో ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. పూర్తిచేసినవాళ్ళ కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. మన దగ్గర అంత యంత్రాలు అక్కర్లేదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం, రోజూ పప్పో గుడ్డో చేపో కడుపునిండా తినడం. రాత్రి దారిలో ఒక చిన్న లైటు.

చివరగా, ఇది చదివి ఉత్సాహంతో ఇంట్లో మాత్రలు మీరే తీసేయకండి. కొన్ని ఒక్కసారిగా ఆపితే ఎదురుతిరుగుతాయి. ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి నిద్రమాత్రలు ఏళ్ళుగా వాడుతుంటే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి, లేకపోతే నిద్ర పూర్తిగా పోవడం, ఫిట్స్ కూడా రావచ్చు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి గుండె, బీపీ మందులు ఉన్నట్టుండి మానితే గుండె వేగం, ఛాతీ నొప్పి పెరుగుతాయి. స్టిరాయిడ్లు, మూర్ఛ మందులు, పార్కిన్సన్ మందులు డాక్టరు చెప్పకుండా ఆపనే కూడదు. గ్యాస్ మాత్ర మానేశాక కొన్ని వారాలు మంట ఎక్కువవుతుంది. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. ఒక్కసారికి ఒక్క మందే తగ్గించి, రెండు మూడు వారాలు చూసి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్ళాలి. ఏ రోజు ఏది తగ్గించారో క్యాలెండరు మీద రాసిపెట్టి, బీపీ, షుగరు, నిద్ర ఎలా ఉన్నాయో దాని పక్కనే రాస్తూ పోతే తర్వాతిసారి డాక్టరుకి చూపించడానికి పనికొస్తుంది.